సీసం పోసిన మరలు

మొన్న ఆదివారం పేపరు మధ్యపేజీలో రత్నయ్యగారి ఫొటో వేశారు. శతజయంతి అట. పేజీ నిండా ఆయనే. మడత నలగని ఖద్దరు కండువా, నుదుట చిన్న బొట్టు, పెదాల మీద ఎవరికో వరమిస్తున్నట్టు నవ్వు. కింద కొడుకుల పేర్లు, మనవల పేర్లు, మిర్చి కోల్డు స్టోరేజీల పేర్లు. ఆ పక్కనే ఎవరో రిటైరైన లెక్చరరు వ్యాసం. ఆ తరం వ్యాపారుల్లో కల్తీ అనే మాటే వినపడేది కాదనీ, రత్నయ్యగారు చేతికిచ్చిన వస్తువును కళ్ళు మూసుకుని తీసుకోవచ్చనీ రాశాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నోట్లో ఉన్న వక్కపలుకు చేదెక్కింది. లేచి పెరట్లోకి వెళ్ళి ఊసి, పుక్కిలించి వచ్చాను. "ఏమైందత్తయ్యా, వికారంగా ఉందా?" అంది మా కోడలు. "ఉంది," అన్నాను. మజ్జిగ తెచ్చిచ్చింది. మజ్జిగకు పోయే వికారం కాదది.

నాకు ఎనభై దాటాయి. ఇన్నేళ్ళలో చాలానే రాశాను. దూదేకే మా వాళ్ళ గురించి రాశాను, మిరపకోతలకు వచ్చే ఆడవాళ్ళ గురించి రాశాను, అమ్మ గురించి పుస్తకమే రాశాను. మా నాన్న తుపాకుల కొట్టు గురించి మాత్రం ఎక్కడా రాయలేదు. అడిగినవాళ్ళకు ఆ రోజులు అంతగా గుర్తులేవండీ అని చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. గుర్తులేకపోవడమేమిటి! ఆ కొట్టు గోడకు ఎన్ని మేకులున్నాయో, ఏ మేకుకు ఏ ఆకురాయి తగిలించి ఉండేదో ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను.

మా ఇల్లు పిడుగురాళ్ళ పోయే రోడ్డు మీద ఉండేది. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు, ఆ వెనక వేపచెట్టున్న చిన్న పెరడు. మా వీధంతా దూదేకులవాళ్ళే. తెల్లారితే ప్రతి ఇంట్లోంచీ ఏకుబద్ద మోత వినిపించేది. మా ఇంట్లో మాత్రం ఆకురాయి గీసుకునే చప్పుడు. మా తాత ఏ జమీందారు దగ్గరో తుపాకులు తుడిచే పనికి కుదిరి, బాగుచెయ్యడం నేర్చుకుని వచ్చాడట. ఆయన తర్వాత నాన్న. మస్తాను సాయిబు కొట్టంటే కొండ కింద ఊళ్ళన్నిటికీ తెలుసు. అమ్మ పుట్టింటి విద్య మానలేదు. పెరట్లో కూర్చుని పరుపులు కుట్టేది. దూది నలుసులు గాలిలో తేలుతూ వచ్చి నూనె రాసి ఆరబెట్టిన గొట్టాలకు అంటుకునేవి. "మీ అన్నదమ్ముల దూది నా కొంప ముంచుద్దే," అని నాన్న రోజూ ఒకసారి అరిచేవాడు. "నీ అవిశనూనె కంపుకు నా గోంగూర పచ్చడి పాడవుతోంది, దానికెవరు చెప్పాలి?" అని అమ్మ రోజూ ఒకసారి జవాబు చెప్పేది. ఆ మాట నిజమే. మా ఇంట్లో అన్నానికి, దుప్పట్లకు, నా జడకు కూడా అవిశనూనె, కిరసనాయిలు, కాల్చి ముంచిన ఇనుము కలిసిన వాసన ఉండేది. మాఘమాసం దాటి ఊళ్ళోకి మిరపకాయ బండ్లు దిగే రోజుల్లో మాత్రం ఆ ఘాటు ముందు ఏ వాసనా నిలబడేది కాదు. ముగ్గురం ముక్కులకు గుడ్డలు కట్టుకుని తుమ్ముకుంటూ పనిచేసుకునేవాళ్ళం.

నాన్నకు కొన్ని అలవాట్లుండేవి. పొద్దున నమాజు అయ్యాక కుంకుడు నురగతో మోచేతుల దాకా కడుక్కుని, పీట మీద కూర్చుని, చేతికందిన తుపాకి మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. "దీన్ని ఆర్నెల్లుగా కడగలా," అనేవాడు. "వీడు తడిమందు కూరాడు," అనేవాడు. ఎప్పుడూ తప్పు పోలేదు. ఇంకొకటి, తుపాకి పేలింది అనే మాట మా ఇంట్లో అననిచ్చేవాడు కాదు. తుపాకి కాలిస్తే పలికింది అనాలి. గొట్టం బద్దలై మనిషి మీదికొస్తే అప్పుడు పేలింది అనాలి. తన చేతిలోంచి వెళ్ళిన ఏ తుపాకీ పేలలేదని ఆయన గర్వం. బాగుచేసిన ప్రతి గొట్టం కింద చిన్న ఉలితో 'మ' అక్షరం కొట్టేవాడు. రైతులు గొట్టాన్ని తిరగేసి ఆ అక్షరం మీద బొటనవేలితో రుద్ది చూసుకుని గానీ తీసుకునేవారు కాదు.

మా దగ్గరికొచ్చేవన్నీ పంటకాపలా లైసెన్సు మీద ఇచ్చిన తుపాకులు. మూతి దగ్గరనుంచి మందు పోసి, గుడ్డపేలిక కూరి, కడ్డీతో దట్టించి, వెనక చిన్న రాగి టోపీ పెట్టి కాల్చే రకం. కొండ దిగి వచ్చే అడవిపందులు ఒక్క పూటలో ఎకరం వేరుశెనగ దున్నేస్తాయి. వాటిని చంపినవాళ్ళు తక్కువ, చప్పుడుతో తరిమినవాళ్ళే ఎక్కువ. ఆ తుపాకి గొట్టానికి వెనకవైపు మూతలాగా మరలున్న ఇనుప బిరడా ఉంటుంది. లోపల మందు అంటుకున్నప్పుడు ఆ దెబ్బనంతా అడ్డుకునేది అదే. కాల్చేవాడి కంటికి జానెడు దూరంలో ఉండేదీ అదే.

నాకు పదిహేడు వచ్చేసరికి నాన్న కళ్ళకు పొరలు కమ్మాయి. పెదనాన్న కంటికి కత్తి పెట్టించాక ఉన్న చూపు కాస్తా పోయిందని ఈయన ఆసుపత్రి గడప తొక్కనన్నాడు. ముందు సన్నపని నాకిచ్చాడు, తర్వాత లావుపని కూడా ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ళకు కొట్లో పనంతా నాదే. లైసెన్సు నాన్న పేరు మీద ఉంది కాబట్టి సంగతి బయటికి పొక్కకూడదు. ఎవరైనా వస్తే నాన్న ముందుగదిలో గుడ్డతో ఏదో ఒకటి తుడుస్తూ కూర్చునేవాడు, నేను తెర వెనక ఆకురాయి పట్టేదాన్ని. "నీ చేతిలో ఏముందో సాయిబూ!" అని వాళ్ళు మెచ్చుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. అప్పుడది తప్పుగా అనిపించలేదు. ఇంట్లో వాళ్ళం ఆడుకునే ఆటలాగా ఉండేది.

ఆ ఏడు రత్నయ్యగారు బండి మీద ఒక చెక్కపెట్టె దింపించాడు. ఆయనకు బజారులో విత్తనాలు, ఇంజన్లు, తూటాలు అమ్మే పెద్ద కొట్టుంది. ఉత్తరాదిన ఏదో ఫ్యాక్టరీనుంచి పది తుపాకుల విడిసామాను తెప్పించాడు. గొట్టాలు వేరు, చెక్కలు వేరు, మీటలు వేరు. అన్నీ చెక్కపొట్టులో సర్ది ఉన్నాయి. మేం బిగించి, చెక్క నునుపు చేసి, నూనె పట్టించి, 'మ' కొట్టి ఇవ్వాలి. కొనేవాళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. నాన్న పొంగిపోయాడు. ఒక్కసారిగా పది కొత్త తుపాకులు ఆయన చేతికి ఎన్నడూ రాలేదు. మామూలుగా అయితే నాన్న ప్రతి గొట్టాన్నీ ఊరి బయట పాత సున్నపురాతి గోతిలోకి తీసుకుపోయి, దుంగకు కట్టి, రెట్టింపు మందు కూరి, దూరంనుంచి తాడు లాగి పరీక్షించేవాడు. రత్నయ్యగారు అక్కర్లేదన్నాడు. "ఫ్యాక్టరీవాళ్ళు పరీక్ష చేసి ముద్ర కూడా వేశారు గదా సాయిబూ, మళ్ళీ నీ పరీక్షేంది? అవతల వేరుశెనగ పీకుళ్ళు దగ్గరికొస్తున్నయ్," అన్నాడు. నాన్న సరేనన్నాడు. మొదటి మూడూ పది రోజుల్లో బిగించి పంపేశాం.

మొదటి మూడింటి గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడిచి సరిపెట్టాను గానీ, నాలుగోది బిగించే ముందు గొట్టంలో గ్రీజు పోవడానికి మరిగే నీళ్ళు పోశాను. కిందపెట్టి వేరే పని చూసుకుంటుంటే పీట తడిసింది. బిరడా అంచునుంచి నీళ్ళు ఊరుతున్నాయి. మంచి బిరడా అయితే చెమ్మ కూడా రాదు. పట్టకారుతో పట్టి తిప్పాను. పది పన్నెండు చుట్లు తిరిగితే గానీ ఊడకూడనిది రెండున్నర చుట్లకే చేతిలోకి వచ్చింది. మిగతా భాగమంతా నున్నగా నల్లగా ఉంది. గోటితో గీస్తే తెల్లగా మెరిసింది. ఇనుము కాదు, సీసం. గొట్టం లోపల మరలు కోయడంలో పొరపాటుపడ్డారు. పారెయ్యాల్సిన గొట్టాలకు పొట్టి బిరడాలు పెట్టి, సందుల్లో సీసం పోసి, మీద మసి పూసి మూసేశారు.

నాన్న చేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమాడు. గోరు దించాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహం మురిగిన గుడ్డు పగలగొట్టినవాడి మొహంలా అయింది.

"థూ!" అన్నాడు. "ఇంకోటి తియ్యమ్మా."

తీశాను. రెండున్నర చుట్లు. ఇంకోటి. అదీ అంతే. ఏడింటిలో ఏడూ అంతే. చెక్కపెట్టె మూతను వెలుతురులోకి తెచ్చి చూశాను. ఒకచోట చిత్రిక పట్టిన గుర్తు తాజాగా ఉంది. ఇంగ్లీషు అక్షరాల అడుగులు కొన్ని మిగిలాయి. నేను ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని. కూడబలుక్కుంటే రిజెక్టెడ్ అన్న మాట తేలింది. చిత్రిక పట్టింది ఫ్యాక్టరీలో కాదు. అక్కడ పట్టి ఉంటే ఆ చెక్క అంత తెల్లగా ఉండదు.

అప్పటికప్పుడు నాన్న భుజం పట్టుకుని రత్నయ్యగారింటికి నడిపించుకుపోయాను. ఆయన వసారాలో పీట మీద పెరుగన్నం తింటున్నాడు. లేవలేదు, రమ్మనలేదు. నాన్న బిరడాను అరుగు మీద పెట్టాడు.

"అయ్యగారూ, మరలు లెవ్వండీ. సీసం పోసి కప్పెట్టారు. నిండా దట్టించి కాలిస్తే ఎనక్కి తన్నుద్ది. మొహం మీదికే వస్తది."

ఆయన చిటికెనవేలునుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ నాక్కున్నాడు. అరచేతి మీదనుంచి మణికట్టు దాకా కారిన మజ్జిగను కూడా నాలికతో అందుకున్నాడు. ఆ తర్వాత అడిగిన మొదటి మాట ఇది: "ఎంతమందికి చెప్పావు?"

"ఎవురికీ చెప్పలా."

"మంచిపని చేశావు. అయినా పందుల్ని అదిలించడానికేగా సాయిబూ, యుద్ధానికేమన్నా పోతున్నారా? మందు కాస్త తగ్గించి పోసుకుంటే సరిపోద్ది."

"తగ్గించి పోసుకోమని వాళ్ళకు చెప్పారా మీరు?" అన్నాను.

అప్పుడు నా వైపు చూశాడు. "నీ కూతురా? చేతులేంది, కమ్మరోడి చేతుల్లాగా నల్లబడ్డయ్?" అని నవ్వాడు. నవ్వు ఆపకుండానే నాన్నతో మెల్లగా అన్నాడు. "నీ కళ్ళ సంగతి తాలూకా ఆఫీసులో తెలుసా సాయిబూ? తెలీదనుకుంటా. నేనెందుకు చెప్తాలే. కొట్లో ఉన్నయ్యి బాగుచేసుకో, ఇనుము నేనిప్పిస్తా. పోయినయ్యి మాత్రం పోయినయ్యే. వాటి జోలికి పోబాక."

దారిలో నాన్న రెండుసార్లు, ఎవరైనా వెంట వస్తున్నారేమో చూడమన్నాడు.  ఇంటికొచ్చి కుంకుడుకాయలు నలగ్గొట్టి మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాడు. నాకు ఆయన మీద జాలి కలగాల్సింది. అసహ్యమేసింది. ఈయన భయపడ్డాడు, ఆ భయం నాకు కూడా అంటిస్తున్నాడు అనిపించింది.

మర్నాటినుంచి పనిలో పడ్డాం. గొట్టాల్లో ఉన్న సీసమంతా కరిగించి తీశాను. జిన్నింగు మిల్లులో ఒక మేస్త్రి లేతు మిషను మీద కొత్త బిరడాలు పొడుగ్గా తీసి పంపేవాడు. గొట్టం లోపల పాత మరల్ని ఇంకా లోతుకు కోసుకుంటూ పోవాలి. ఒక పావుచుట్టు ముందుకు, కాస్త వెనక్కి, నూనె, రజను ఊదెయ్యడం, మళ్ళీ పావుచుట్టు. ఒక్కో గొట్టానికి రెండు మూడు రోజులు పట్టేది. బిరడాకు దీపం మసి పూసి బిగించి, విప్పి, మసి ఎక్కడ చెరిగిందో చూసి, చెరగని చోట ఇంకాస్త గీసేదాన్ని. నాన్న పక్కన కూర్చుని చప్పుడు వినేవాడు. "ఆగు, పట్టింది. ఎనక్కి తిప్పు," అనేవాడు. ఈసారి ఏడింటినీ సున్నపురాతి గోతికి తీసుకుపోయి రెట్టింపు మందుతో పరీక్షించాం. ఏడూ పలికాయి. ఒక్కదాంట్లోనూ చెమ్మ ఊరలేదు. నా జన్మలో అంత బాగా ఏ పనీ చెయ్యలేదు. ఆ మూడు వారాలూ ఆ గర్వంలో నా అసహ్యం కూడా కొంచెం చల్లారింది. పాత బిరడాలు పాత ఇనుములోకి కావాలని రత్నయ్యగారి మనిషి గోనెసంచీతో వస్తే, లెక్కచెయ్యకుండా అన్నీ అందులో పోశాను. చెక్కపెట్టె కూడా పట్టుకుపోయాడు. పట్టుకుపోనిచ్చాను.

బయటికి పోయిన మూడింటి గురించి నాన్నతో రోజూ పోట్లాడేదాన్ని. "ఉన్నపని కానీ," అనేవాడు. పనయ్యాక ఆయనే బస్సెక్కి దగ్గర ఊళ్ళలో రెండింటిని, ఏదో నూనె పట్టించాలని వంక చెప్పి తెచ్చాడు. వాటినీ బాగుచేసి, రత్నయ్యగారికి తెలియకూడదని పాత బిరడాల్ని కాల్చి మేకులుగా సాగగొట్టేశాను. మూడోది కొండ కింద నరసింహంగారనే మోతుబరిది. ఆ ఊరికి బస్సు లేదు. నాన్న మోకాళ్ళు వాచి ఉన్నాయి. కార్డు రాయమన్నాడు.

"తమ తుపాకిని ఒకసారి శుభ్రము చేయించుకొనుటకు వీలు చూసుకొని పంపగలరు. రాయి."

"వీలు చూసుకొని ఏంది నాన్నా? దాన్ని కాల్చొద్దని రాస్తా."

"వద్దమ్మా. కాగితం మీద పెడితే రేపు అదే మన మెడకు చుట్టుకుద్ది. మన గుర్తు కొట్టి, మనమే చెడ్డదని రాసినట్టు ఉంటది."

"మరి నేనే నడిచి పోతా."

"ఆడపిల్లవు, ఆ కొండదారిన ఒంటిగానా? కార్డు చూస్తే పంపుతాళ్ళే. రాయి."

రాశాను. నా చేతిరాత ముత్యాల్లా ఉండేది. అడ్డగీతలు గీసుకుని మరీ, చెప్పినది చెప్పినట్టు, గుండ్రంగా రాసి, నేనే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను.

పదో రోజు పొద్దున నరసింహంగారి పాలేరు కొట్టు ముందు నిలబడి, "సాయిబూ, తుపాకి పేలింది," అన్నాడు. పెరట్లో అమ్మ సూది ఆపేసింది. ఆ మాటకు మా ఇంట్లో ఏమిటర్థమో అతనికి తెలియదు. తెలిసి అన్నా అదే అనేవాడు. కాల్చింది నరసింహంగారు కాదు. లైసెన్సు ఆయనది, కాపలా ఆయన చేలో ఉండే దేవసహాయానిది. దేవసహాయం ఊరి చివర పల్లెలో ఉండే క్రైస్తవుడు, నలభై ఏళ్ళవాడు. తుపాకి తీసుకుపోవడానికి వచ్చింది కూడా అతనే. కొత్త పెళ్ళికూతుర్ని పట్టుకున్నంత జాగ్రత్తగా గోనెపట్టా చుట్టుకుని భుజాన పెట్టుకుపోయాడు. బిరడా వెనక్కి వచ్చి అతని కుడికన్నునూ చెంప ఎముకనూ తీసుకుపోయింది. మిషనరీల ఆసుపత్రిలో పడేశారు.

విచారణ ట్రావెలర్స్ బంగళాలో పెట్టారు. బిరడా చేలో ఎక్కడా దొరకలేదట. బల్ల మీద చీలిన చెక్క, వెనక మరలన్నీ చిరిగిపోయి నల్లబడ్డ గొట్టం. దాని కింద 'మ'. రత్నయ్యగారు తెల్లటి బట్టల్లో కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు కుర్చీ వేశారు. మా నాన్న నిలబడి ఉన్నాడు. "కూలోడు గదండీ, గుప్పెళ్ళతో కూరుంటాడు," అన్నాడు రత్నయ్యగారు. "నేను చెప్తూనే ఉన్నా, ఎక్కువ పోయబాకరా అని," అన్నాడు నరసింహంగారు. ఎప్పుడూ చెప్పలేదని ఆయన మొహమే చెబుతోంది. విచారణకొచ్చిన ఆఫీసరు, నువ్వేమంటావని నాన్ననడిగాడు. నాన్న తన పొరలు కమ్మిన కళ్ళతో, ఆఫీసరు ఉన్న వైపు కాక కిటికీ వైపు చూస్తూ, "మందు ఎక్కువైతే... ఏ గొట్టమైనా అంతేనండీ," అన్నాడు.

 మా నాన్న నోట్లోంచి ఆ మాట రావడం విన్నాక నా కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి. అంతా చెప్పేశాను. సీసం గురించి, పెట్టె మూత గురించి, నాన్న కళ్ళ గురించి, పని చేసింది నేనేనని. రత్నయ్యగారు వేళ్ళు నాక్కున్న సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఆఫీసరు మంచివాడే. ఓపిగ్గా విన్నాడు. మిగతా తొమ్మిదింటినీ తెప్పించి, పోలీసుల తుపాకులు బాగుచేసే ఆర్మరరును పిలిపించి ఒక్కొక్కటే విప్పించాడు. పన్నెండు చుట్లు. పన్నెండు చుట్లు. పన్నెండు చుట్లు. "చాలా బాగున్నాయండీ, ఇంత మంచి మర నేనీమధ్య చూళ్ళా," అన్నాడు ఆర్మరరు.

"లోపమన్నావు. ఏదమ్మా లోపం?" అన్నాడు ఆఫీసరు.

"నేను బాగుచేశానండీ."

"పాత బిరడాలేవీ?"

రత్నయ్యగారు పైకప్పు వైపు చూస్తున్నాడు. లోపమంతా నా చేతులతో నేనే ఊడ్చి, తుడిచి, నిగనిగలాడేట్టు చేసి పెట్టాను. మిగిలింది ఒక్క పేలిన తుపాకి, దాని మీద గుడ్డివాడి గుర్తు, లైసెన్సు లేని ఆడపిల్ల నోటితో ఒప్పుకున్న పని. ఆ నెలలోనే మా లైసెన్సు రద్దయింది. కొట్టుకు సీలు వేశారు. రత్నయ్యగారికి ఏమీ కాలేదు. ఆ తొమ్మిది తుపాకులూ ఎంత గట్టివో ఆర్మరరే చెప్పాడని ప్రచారం చేసి, మరుసటి ఏడు ఇంకా తెప్పించాడని విన్నాను.

  నాన్న మా మామయ్యల దగ్గర కూర్చుని దూది విడదీసే పనికి పోయాడు. కనురెప్పల మీద, గడ్డంలో, చెవుల్లో తెల్లటి నలుసులతో ఇంటికి వచ్చేవాడు. అమ్మ తడిగుడ్డతో తుడిచేది. నాలుగేళ్ళు బతికాడు. నేను అన్నం కలిపి పెట్టాను, కాళ్ళకు నూనె రాశాను, చివరిరోజుల్లో మంచం శుభ్రం చేశాను. ఆ బంగళాలో అన్న మాటను మాత్రం ఆయన బతికుండగా క్షమించలేదు, ఆయన పోయాక కూడా క్షమించలేదు. వయసు మీద పడితే మనసు మెత్తబడుతుందంటారు. నా విషయంలో అది జరగలేదు.

ఇప్పుడు సభలకు పిలుస్తారు నన్ను. ఆ రోజుల గురించి చెప్పండి అంటారు. ఆ రోజుల్లో గాలి మంచిది, నీరు మంచిది, మనుషులు మంచివాళ్ళు అని చెబితే చప్పట్లు కొడతారు. నకిలీ మిరపవిత్తనాలు వేసి మొక్క మాను కట్టినా పూత రాలేదని చేలో కూలబడే రైతునూ, పురుగుమందు కొడితే పురుగులు ఇంకా బలిశాయని ఏడ్చే పత్తి రైతునూ టీవీలో చూసి, కాలం చెడిపోయిందండీ అని నిట్టూరుస్తారు. కాలం చెడిపోలేదు. అప్పుడూ ఇదే. అప్పుడు సీసం పోసి మసి పూశారు, ఇప్పుడు పొట్లం మీద రంగుబొమ్మ వేస్తున్నారు. అప్పుడూ చేలో నిలబడ్డవాడిదే తప్పన్నారు, ఇప్పుడూ వాడిదే అంటున్నారు. తేడా ఒక్కటే కనిపిస్తుంది నాకు. ఇప్పుడు కనీసం నలుగురు రోడ్డు మీదికొచ్చి అరుస్తున్నారు. అప్పుడు మేం అరవలేదు. కళ్ళు దించుకుని నిలబడ్డాం. దాన్నే సంస్కారం అంటున్నారు ఇవాళ. వింటుంటే అసహ్యమేస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం రత్నయ్యగారు కాదు, నాన్నా కాదు.

విచారణ అయిన వారానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఫినాయిలు వాసన, వరసగా ఇనుపమంచాలు. దేవసహాయం మొహం సగం కట్లలో ఉంది. భార్య పక్కన నేలమీద కూర్చుని నారింజకాయ ఒలుస్తోంది. నన్ను చూడగానే అతను లేవబోయాడు.

"బంగళాలో నాకోసం నోరు తెరిచావంట గదమ్మా. మా ఫాదరుగారు చెప్పారు. నీ కడుపు చల్లగుండ."

"ఎట్టా ఉంది బాబాయ్?"

"ఒక కన్నుంది గదమ్మా, చాల్లే. కాపలాకి వేరేవాణ్ణి పెట్టుకున్నారంట మా నరసింహంగారు. సరే, ఏం చేస్తాం." దిండు మీదికి ఒరిగాడు. "నీకొక మాట చెప్పాలి. నా మనసుకు పట్టుకుపోయింది. మీ నాయన కార్డు రాశాడు, నీకు తెలుసో లేదో. మా అయ్యగారు నాకు చదివి వినిపించాడు. శుభ్రం చేయించడానికి పంపమని ఉంది. పంపుదామా ఏరా అన్నాడు. నేనే వద్దన్నా."

"ఎందుకు?"

"వారం వారం నేనే వేణ్ణీళ్ళు పోసి కడుగుతున్నా గదమ్మా. అద్దంలాగా పెట్టుకున్నా. అడుగున కాస్త చెమ్మ ఊరేది, చెక్కలోంచి వస్తందేమో అనుకున్నా. దీన్ని శుభ్రం చేయించడానికి అంత దూరం ఎందుకండీ, పీకుళ్ళు అయ్యాక చూద్దాంలే అన్నా. నేను పంపనిచ్చుంటే మీ నాయనకు ఈ గతి పట్టేది కాదు. మీ కొట్టు పోయింది నా మూలంగానే తల్లీ. నన్ను తిట్టుకోబాకండి."

కార్డు రాసింది నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. బంగళాలో అంతమంది ముందు అన్నీ చెప్పిన నోరది. నాన్నను గుడ్డివాడని చెప్పిన నోరు. ఆ రోజు కూడా కార్డు మాట ఎత్తలేదు. ఇప్పుడూ రాలేదు. కాల్చొద్దు అనే ఒక్క ముక్క రాయాల్సిన చోట శుభ్రము అని గుండ్రంగా రాసిన చెయ్యి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

"తిను తల్లీ, ఎండనపడి వచ్చావు," అంటూ అతని భార్య ఒలిచిన తొనలన్నీ నా చేతిలో పెట్టింది.

తిన్నాను. అన్నీ తిని, గింజలు ఊసి, వస్తానని చెప్పి వచ్చేశాను.